గోలు ముంగిట కావలి

1966 జూలై 30వ తేదీ. లండన్ నగరంలోని వెంబ్లీ క్రీడాప్రాంగణం జనంతో కిటకిటలాడుతున్నది. అది ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు అంతిమ పోటీ. ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్లు తలపడ్డాయి. తొంభై నిమిషాల ఆట ముగిసేసరికి రెండు జట్లకూ చెరి రెండు గోల్సు. అదనంగా ఇచ్చిన అరగంటలో ఇంగ్లండు మరి రెండు గోల్సు చేసి 4–2 తేడాతో గెలిచింది. మూడు గోల్సు చేసిన జెఫ్ హర్‌స్ట్ పేరు ఆ సాయంత్రం దేశమంతటా మారుమ్రోగింది. ఆట ముగిసినట్లు ఈల వినబడగానే ఆటగాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకొంటూ పరుగులు తీశారు. ఎర్రచొక్కా వేసుకున్న పొడవాటి ఆటగాడొకడు మాత్రం పరుగెత్తలేదు. ఉన్నచోటనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతని వీపు మీద 5 అనే అంకె ఉన్నది. అతడే జాక్ చార్ల్‌టన్.

అప్పటికి అతని వయస్సు ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ఇంగ్లండు జట్టులో చోటు దొరికి పదిహేను నెలలే అయింది. ఆ జట్టులోనే మరొక చార్ల్‌టన్ కూడా ఉన్నాడు. అతడు జాక్ తమ్ముడు బాబీ. ఫుట్‌బాల్ ప్రపంచమంతా అప్పటికే ఎరిగిన పేరు బాబీది. అన్నను మాత్రం చాలామంది ‘బాబీ అన్న’ అనే అనేవారు.

ఇంగ్లండు ఉత్తరభాగంలో నార్తంబర్లాండ్ అనే జిల్లా ఉన్నది. అక్కడి యాషింగ్టన్ బొగ్గుగనుల ఊరు. ఆ ఊళ్ళో పుట్టిన మగపిల్లవానికి పదిహేనేళ్ళు రాగానే గనిలో పని సిద్ధంగా ఉండేది. జాక్ 1935 మే 8న అక్కడ జన్మించాడు. తండ్రి బాబ్ గని కార్మికుడు. తల్లి పేరు సిస్సీ. వారికి నలుగురు కుమారులు. చిన్నతనంలో నలుగురు పిల్లలూ ఒకే మంచం మీద సర్దుకొని పడుకొనేవారు.

తండ్రికి ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదు. ఆట వచ్చినది తల్లివైపు నుండి. ఆమె సోదరులు నలుగురూ వృత్తి ఆటగాళ్ళే. వారిలో ముగ్గురు లీడ్స్ యునైటెడ్ జట్టుకు రక్షక ఆటగాళ్ళుగా ఆడినవారు. న్యూకాజిల్ ప్రజలు నెత్తిన పెట్టుకొన్న జాకీ మిల్‌బర్న్ ఆమెకు వరుసకు సోదరుడు. ఇక సిస్సీ కూడా చూస్తూ ఊరకుండే మనిషి కాదు. కొడుకులతో కలిసి తానే బంతి తన్నేది. తరువాతి కాలంలో ఊరి బడిపిల్లలకు ఆట నేర్పింది కూడా. మేనమామల పోలిక మేనల్లుళ్ళకు రావడం వింత కాదు. అయితే ఇద్దరికీ ఒకే పాళ్ళలో రాలేదు. రెండేళ్ళు చిన్నవాడైన బాబీ కాలికి బంతి అతుక్కొన్నట్లు ఉండేది. బడిలో ఉండగానే అతని కోసం పెద్ద క్లబ్బులవారు ఇంటికి రావడం మొదలుపెట్టారు. జాక్ కోసం అలా ఎవరూ వరుస కట్టలేదు. సన్నగా, పొడవుగా, పొడవైన మెడతో ఉండే ఆ కుర్రవాడికి ఏటి ఒడ్డున గాలం వేసుకొని కూర్చోవడమంటేనే ఎక్కువ ఇష్టం.

అయినా పదిహేనో ఏట మేనమామ జిమ్ ఆడుతున్న లీడ్స్ క్లబ్బు నుండి అతనికి పిలుపు వచ్చింది. జాక్ వెళ్ళలేదు. తాను అందుకు తగినవాడినని అతనికి అనిపించలేదు. తండ్రి వెంట గనిలో పనికి కుదిరాడు. కొద్దికాలంలోనే, భూమి అడుగున చీకటిలో, దుమ్ములో జీవితమంతా గడపడమంటే ఏమిటో అతనికి అర్థమైంది. పని మానుకొని పోలీసు శాఖకు దరఖాస్తు పెట్టాడు. ఇంతలో లీడ్స్ వారు మళ్ళీ కబురు చేశారు. వారు పరీక్షగా ఆడించదలచిన ఆట, పోలీసు శాఖవారి ఇంటర్వ్యూ ఒకే రోజున పడ్డాయి. గని వద్దనుకొన్న కుర్రవాడికి అటు జీతంతో కూడిన స్థిరమైన ఉద్యోగం, ఇటు నెగ్గుతానో లేదో తెలియని ఆట. జాక్ ఆటకు వెళ్ళాడు. లీడ్స్ వారు అతన్ని మైదానపు పనులు చూసే కుర్రవాడిగా చేర్చుకొన్నారు. పెద్ద ఆటగాళ్ళ బూట్లు తుడవడం, మైదానం శుభ్రం చేయడం అతని పనులు. పదిహేడో ఏట అతనితో వృత్తి ఆటగాడిగా ఒప్పందం వ్రాయించుకొన్నారు.

ఆ రోజులలో లీడ్స్ జట్టుకు ప్రాణం జాన్ చార్ల్స్. వెల్స్ దేశస్థుడు. గోలు ముంగిట నిలిచి కాయగలడు, ముందుకు వెళ్ళి గోల్సూ చేయగలడు. అతన్ని ముందు వరుసకు పంపినప్పుడు వెనుక ఏర్పడిన ఖాళీలో 1953 ఏప్రిల్‌లో జాక్ తన మొదటి లీగు ఆట ఆడాడు. ఆ తరువాత రెండేళ్ళు నిర్బంధ సైనికసేవ. తిరిగి వచ్చి జట్టులో కుదురుకొన్నాడు. 1956లో లీడ్స్ మొదటి శ్రేణికి ఎక్కింది. 1960లో మళ్ళీ రెండవ శ్రేణికి దిగజారింది.

ఇక్కడ రక్షక ఆటగాని పని ఎటువంటిదో కొంచెం చెప్పుకోవాలి. జాక్ ఆడిన స్థానాన్ని సెంటర్ హాఫ్ అంటారు. ఎదుటి జట్టులో గోల్సు చేయడంలో ఆరితేరినవాడు ఎవడో, అతని వెంట నీడలా ఉండడం సెంటర్ హాఫ్ పని. పైనుండి వచ్చే బంతిని ఎదుటివాడి కంటే ముందుగా ఎగిరి తలతో కొట్టి తరిమివేయాలి. గోలు ముంగిట బంతిని కాలి క్రింద ఉంచుకొని వయ్యారాలు పోరాదు. ముందు వరుసవాడు పదిసార్లు గురి తప్పి ఒక్కసారి గోలు చేసినా జనం చప్పట్లు కొడతారు. వెనుక నిలిచినవాడు తొంభై నిమిషాలు తప్పు లేకుండా ఆడి, చివరి నిమిషంలో ఒక్క అడుగు తడబడితే ఆ ఒక్క అడుగునే చెప్పుకొంటారు. తనకు తమ్మునిలా ఆడడం చేతకాదని జాక్ ఎన్నడూ దాచలేదు. ఎదుటివాడిని ఆడనివ్వకపోవడం మాత్రం తనకు చేతనవునని అతనికి తెలుసు. ఆ ఒక్క విద్యనే ఇరవై ఏళ్ళు సానబట్టాడు.

సానబట్టాడని చెప్పినంత సులువుగా అది జరగలేదు. యువకుడిగా అతడు దుడుకు మనిషి. ఆటలో వాదులాడేవాడు, తన చోటు విడిచి బంతి కోసం ముందుకు పరుగెత్తేవాడు. అదే జట్టులో తోటి ఆటగాడైన డాన్ రెవీ, తానే శిక్షకుడినైతే నిన్ను జట్టులోకి తీసుకోనని అతని మొగం మీదనే అన్నాడు. 1961లో ఆ రెవీయే లీడ్స్‌కు మేనేజరైనాడు! 1962లో జాక్ వేరే క్లబ్బుకు పోవడానికి సిద్ధపడ్డాడు. అదీ కుదరలేదు. చివరకు ఇద్దరూ ఒకరినొకరు అర్థం చేసుకొన్నారు. వెనుక వరుస ఎలా నిలవాలో, ఎవరు ఎవరిని కాయాలో తీర్చిదిద్దే బాధ్యత జాక్‌కు దక్కింది. ఈ నడుమనే అతడు శిక్షకుల తరగతులకు కూడా వెళ్ళి పట్టాలు పుచ్చుకొన్నాడు. ఆటను కాలితోనే కాక బుద్ధితోనూ ఆడవచ్చునని అతనికి అక్కడ తెలిసింది. ఎదుటి జట్టు గోలుకీపరు కళ్ళముందే గోలు గీత మీద నిలబడి, కార్నర్ కిక్ బంతి అతనికి కనబడకుండా, అందకుండా చేసే ఎత్తుగడ జాక్‌కు పేరు తెచ్చింది. అది ఆటపద్ధతి కాదని గోలుకీపర్లు గోలపెట్టేవారు. నియమం తప్పనిదే రిఫరీ మాత్రం ఏం చేయగలడు?

1964లో లీడ్స్ మళ్ళీ మొదటి శ్రేణికి చేరింది. మరుసటి సంవత్సరమే ఆ కొత్త జట్టు దేశంలో రెండవ స్థానంలో నిలిచి, ఎఫ్.ఏ. కప్పు అంతిమ పోటీకీ వెళ్ళింది. ఆ కప్పు సెమీఫైనల్లో లీడ్స్ ఓడించింది మాంచెస్టర్ యునైటెడ్‌ను, అనగా తమ్ముడు బాబీ జట్టును. ఆట ముగిసిన తరువాత, ఇంగ్లండు జట్టుకు నిన్ను ఎంపిక చేశారని జాక్‌కు రెవీ చెప్పాడు. జాక్ పట్టరాని సంతోషంతో ఆ వార్త చెప్పడానికి తమ్ముని వద్దకు పరుగెత్తాడు. అది ఓడిపోయినవారు తలలు వంచుకొని కూర్చున్న గది అన్న సంగతి లోపల అడుగు పెట్టాక గాని అతనికి తట్టలేదు. బాబీ అన్నను అభినందించాడు. గదిలోని మిగిలినవారికి ఆ సంతోషం రుచించిందని చెప్పలేము.

1965 ఏప్రిల్ 10న స్కాట్లండుతో జరిగిన ఆటలో, ముప్ఫై ఏళ్ళు నిండడానికి నెలరోజుల ముందు, జాక్ మొదటిసారి దేశం తరఫున ఆడాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే జట్టులో నిలిచారు. మేనేజర్ ఆల్ఫ్ రామ్‌సే లెక్క వేరు. జట్టు నాయకుడు బాబీ మూర్ నెమ్మదిగా, అందంగా ఆడే రక్షకుడు. బంతిని తన్నివేయడం కంటే ముందుకు నడిపించడం అతనికి ఇష్టం. అటువంటివాని ప్రక్కన, ప్రమాదం కనబడగానే ముందువెనుకలు చూడక బంతిని తరిమే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషే జాక్.

1966 ప్రపంచకప్పులో వారి జోడీ ఎలా పనిచేసిందో అంకెలే చెబుతాయి. ఉరుగ్వే, మెక్సికో, ఫ్రాన్సు, అర్జెంటీనా – నాలుగు జట్లలో ఒక్కటి కూడా ఇంగ్లండు మీద గోలు చేయలేకపోయింది. సెమీఫైనల్లో పోర్చుగల్ ఎదురైంది. బాబీ చార్ల్‌టన్ రెండు గోల్సు చేశాడు. ఇంక ఎనిమిది నిమిషాల ఆట మాత్రమే ఉన్నదనగా పోర్చుగల్ ఆటగాడు టోరెస్ తలతో కొట్టిన బంతి గోలులోకి పోతున్నది. గీత మీద ఉన్న జాక్ దానిని చేతితో ఆపివేశాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. యుసేబియో గోలు చేశాడు. ఆ పోటీలలో ఇంగ్లండు మీద పడిన మొదటి గోలు అదే. నేటి నియమాలే ఆనాడు ఉండి ఉంటే జాక్‌ను మైదానం నుండి పంపివేసేవారు. ఇంగ్లండు 2–1తో బయటపడింది. కొడుకు రెండు గోల్సు చేసిన ఆ ఆటను తండ్రి బాబ్ చూడలేదు. ఆ పూట ఆయన గనిలో పనిలో ఉన్నాడు.

అంతిమ పోటీలోనూ అటువంటి గండమే వచ్చింది. ఇంగ్లండు 2–1 ఆధిక్యంలో ఉన్నది. ఆట ముగియడానికి ఒక్క నిమిషం. బంతి కోసం ఎగిరిన జాక్ జర్మనీ ఆటగాని మీదికి తూలాడని రిఫరీ ఈల వేశాడు. తన తప్పేమీ లేదని జాక్ వాదన. ఆ ఫ్రీకిక్ నుండే జర్మనీకి చెందిన వేబర్ గోలు చేసి ఆటను సమానం చేశాడు. ఆ తరువాతి అరగంట ఇంగ్లండు ఓడిపోయి ఉంటే జాక్ చార్ల్‌టన్ పేరు ఆ దేశంలో ఏ విధంగా మిగిలేదో ఊహించడం కష్టం కాదు. చివరి ఈల మోగినప్పుడు అతడు ఎందుకు మోకాళ్ళ మీద కూలబడ్డాడో ఇప్పుడు తెలుస్తుంది.

ఆ సంవత్సరం ఇంగ్లండులోని క్రీడావిలేఖరులు ఉత్తమ ఆటగాడిగా బాబీని ఎంచుకొన్నారు. మరుసటి సంవత్సరం, 1967లో, అదే బహుమతి జాక్‌కు వచ్చింది.

లీడ్స్‌కు కూడా మంచి రోజులు వచ్చాయి. 1968లో లీగు కప్పు, అదే సంవత్సరం ఐరోపా ఖండపు ఫెయిర్స్ కప్పు, 1969లో మొదటి శ్రేణి విజేత స్థానం, 1971లో మళ్ళీ ఫెయిర్స్ కప్పు గెలిచారు. చేతికందినట్లే అంది జారిపోయినవి వీటి కంటే ఎక్కువ. 1970 ఎఫ్.ఏ. కప్పు అంతిమ పోటీలో చెల్సీ మీద లీడ్స్ మొదటి గోలు చేసినది జాక్ తలతోనే. ఆ ఆట సమానంగా ముగిసి మళ్ళీ ఆడవలసి వచ్చింది. ఆ రెండవ ఆటలో చెల్సీవారు దూరం నుండి విసరిన బంతి జాక్ తలకే తగిలి వెనుకకు మళ్ళింది. దానినే చెల్సీవారు గోలుగా మార్చుకొని కప్పు ఎగరేసుకుపోయారు. అదే సంవత్సరం జాక్ ఒక టెలివిజన్ కార్యక్రమంలో, తనను దెబ్బతీసిన ఆటగాళ్ళ పేర్లు ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకొన్నానని, వారి బాకీ తీరుస్తానని అన్నాడు. పెద్ద దుమారం లేచింది. ఫుట్‌బాల్ సంఘం విచారణ జరిపింది. నోరు జారడం అతనికి జన్మతః వచ్చిన గుణం. మంచి శిక్షకుడయ్యాక కూడా అది పోలేదు.

ఎఫ్.ఏ. కప్పు చివరకు 1972 మే 6న దక్కింది. ఆర్సెనల్ జట్టును లీడ్స్ 1–0తో ఓడించింది. మరి రెండు రోజులకు జాక్‌కు ముప్ఫై ఏడేళ్ళు నిండాయి. 1973లో అతడు ఆట చాలించుకొన్నాడు. తమ్ముడు బాబీ కూడా అదే సంవత్సరం మాంచెస్టర్ యునైటెడ్‌ను విడిచాడు. జాక్ ఒకే క్లబ్బుకు, అన్ని పోటీలూ కలిపి, 773 ఆటలు ఆడాడు. లీడ్స్ తరఫున ఎవరూ అన్ని ఆటలు ఆడలేదు. దేశం తరఫున 35 ఆటలు. గోలు కాయడమే పని అయినవాడు లీడ్స్‌కు 90కి పైగా గోల్సు చేయడం చిన్న విషయం కాదు.

తరువాతి జీవితం మేనేజరుగా గడిచింది. మిడిల్స్‌బరో జట్టును చేపట్టిన మొదటి సంవత్సరమే మొదటి శ్రేణికి చేర్చాడు. అటుపై షెఫీల్డ్ వెన్స్‌డే, కొంతకాలం న్యూకాజిల్. 1986లో ఐర్లండు దేశపు జట్టు ఆయన చేతికి వచ్చింది. ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య శతాబ్దాల వైరం ఉన్నది. ఆ దేశపు జట్టును అప్పటివరకు పరదేశి ఎవరూ నడపలేదు. మొదటి పరదేశిగా ఒక ఇంగ్లీషువాడు రావడం అందరికీ నచ్చలేదు. సుమారు 35 లక్షల జనాభా గల ఆ చిన్న దేశం అంతవరకు ఏ పెద్ద పోటీలకూ అర్హత సంపాదించలేదు. జాక్ తాతలు, అవ్వలు ఐర్లండువారైన ఆటగాళ్ళను ఇంగ్లండు క్లబ్బులన్నిటా వెదికి తెచ్చాడు. బంతిని తమ గోలుకు దూరంగా పెట్టడమే అతని మొదటి పాఠం. చూడడానికి ఆ ఆట అందంగా లేదని విమర్శకులు అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే 1988 ఐరోపా పోటీలలో ఆ జట్టు ఇంగ్లండునే 1–0తో ఓడించింది. 1990 ప్రపంచకప్పులో క్వార్టర్ ఫైనలుదాకా వెళ్ళింది. 1994లో ఇటలీని ఓడించింది. 1995 చివర ఆయన ఆ పదవి విడిచాడు. 1996లో ఐర్లండు ప్రభుత్వం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. కార్క్ నగరపు విమానాశ్రయంలో ఆయన విగ్రహం ఉన్నది. ఆ విగ్రహంలో ఆయన చిన్ననాటి అలవాటు ప్రకారం చేపలు పడుతూ కూర్చున్నాడు.

అన్నదమ్ముల మధ్య ఇంటి విషయాల వల్ల చాలాకాలం ఎడం ఏర్పడింది. 2008లో బి.బి.సి. సంస్థవారు బాబీకి జీవితకాల సాఫల్య పురస్కారం ప్రకటించి, దానిని అందించడానికి జాక్‌ను పిలిచారు. తన తమ్ముని కంటే గొప్ప ఆటగాడిని తాను చూడలేదని జాక్ ఆ సభలో చెప్పాడు. తమ్ముని కళ్ళు చెమర్చాయి.

జాక్ చివరి సంవత్సరాలలో ఆయన జ్ఞాపకశక్తి క్రమంగా క్షీణించింది. ఆయన ఒక్కని సంగతే కాదు. 1966 నాటి జట్టులో రే విల్సన్, మార్టిన్ పీటర్స్, నాబీ స్టైల్స్ కూడా అటువంటి వ్యాధి బారినే పడ్డారు. ఒక్కొక్కరిలో అది ఎందుకు వచ్చిందో ఇదమిత్థంగా చెప్పలేరు గాని, 2019లో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయపు వైద్యులు వెల్లడించిన పరిశోధన ఫలితాలు ఆలోచించదగినవి. మాజీ వృత్తి ఆటగాళ్ళు మెదడు క్షీణించే వ్యాధులతో మరణించే అవకాశం ఇతరుల కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని వారు తేల్చారు. 2021లో వారే ఆటగాళ్ళ స్థానాలను బట్టి లెక్కలు తీశారు. గోలుకీపర్లలో ప్రమాదం మామూలు మనుషులతో సమానం. అందరికంటే ఎక్కువ రక్షక ఆటగాళ్ళలో, అనగా జాక్ నిలిచిన స్థానంలో ఆడేవారిలో కనిపించింది. గోలుకీపరు బంతిని చేతులతో పట్టుకొంటాడు. రక్షకుడు తలతో కొడతాడు. ఆటలో కొట్టినవి లెక్కకు వస్తాయి. ప్రతిరోజూ సాధనలో కొట్టినవి ఎవరు లెక్కపెట్టారు? 2020 ఫిబ్రవరిలో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లలకు సాధన సమయంలో తలతో బంతి కొట్టడం నేర్పవద్దని సూచించింది.

ఆ సంవత్సరమే జూలై 10న జాక్ చార్ల్‌టన్ మరణించాడు. వయస్సు ఎనభై అయిదు. బాబీకీ అదే వ్యాధి ఉన్నదని కొన్ని నెలల తరువాత లోకానికి తెలిసింది. ఆయన 2023 అక్టోబరులో కన్నుమూశాడు.

జాక్ అంత్యక్రియలనాటికి కరోనా వ్యాధి వల్ల జనం గుమికూడడం మీద ఆంక్షలు ఉన్నాయి. అంత్యక్రియలకు కొద్దిమందినే రానిచ్చారు. అందువల్ల శవవాహనాన్ని ముందుగా యాషింగ్టన్ వీధులలో నడిపించారు. గనులు మూతబడి చాలాకాలమైన ఆ ఊళ్ళో, అన్నదమ్ములు బంతి తన్నుకొన్న వీధుల వెంట వేలమంది నిలబడ్డారు. కొందరు లీడ్స్ తెల్లచొక్కాలు, కొందరు ఐర్లండు ఆకుపచ్చ చొక్కాలు వేసుకొని వచ్చారు. వాహనం దాటిపోయేంతవరకు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.